అడవిలో ఒక లంక

సంతాప సభలో నవ్వకూడదని నాకు తెలుసు. అయినా నవ్వాను.

పోయిన నెల ఖమ్మంలో ఒక చిన్న హాల్లో మా పాత మేడం ఫొటోకి దండ వేసి, అగరొత్తులు వెలిగించి, ఆవిడ దగ్గర ఒకప్పుడు పనిచేసిన వాళ్లం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఒక పెద్దాయన మైకు అందుకుని, "ఆమె మృదుభాషిణి. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నాడు. నా పక్కన డ్రైవర్ సాంబయ్య దగ్గు తెచ్చుకుని తల దించేశాడు. నాకు దగ్గు సమయానికి దొరకలేదు. నవ్వు బయటికొచ్చేసింది.

"గీయన మన మేడం సభకే వచ్చిండా, ఇంకోళ్ల సభకు పోబోయి ఇటొచ్చిండా?" అన్నాడు సాంబయ్య నా చెవిలో.

పెద్దాయన్ని పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. పల్లెత్తు మాటతో సరిపెట్టుకునే మనిషి కాదు ఆవిడ. తిట్టిందంటే తిట్టించుకున్నవాడు ఇంటికెళ్లి, అన్నం తిని, చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ అది తిట్టని తెలిసేది కాదు. ఎందుకంటే అంత మర్యాదగా తిట్టేది.

ఆవిడది గోదావరి కింది చివర. నది సముద్రంలో కలవబోయే చోట, ఒండ్రు పేరుకుని నీళ్ల మధ్య తేలిన దిబ్బలుంటాయి. వాటి మీద ఊళ్లుంటాయి. లంకలంటారు. అలాంటి లంకలో పుట్టింది. ఆ వైపు వాళ్లకి మాటకి ముందొక గారు, వెనకొక అండీ, మధ్యలో ఆయ్. ఖమ్మం వాళ్లం, అంత మర్యాద ఒక్కసారిగా మీద పడితే మాకు భయమేస్తుంది. ఆ భయం న్యాయమైనదేనని ఆవిడ దగ్గర చేరిన వారానికే తెలిసింది. ఆవిడ ప్రేమగా ఉంటే నన్ను "ఒసే పిల్లా" అనేది. చిరాకుగా ఉంటే "ఏవమ్మా" అనేది. ఒళ్లు మండితే "తమరు" అనేది. "తమరి బుర్రలో ఏవుందండీ? ఊక పోయించుకున్నారా, ఇసుకా?" అని ఎంతో గౌరవంగా అడిగేది. ఎవరైనా ఆఫీసరు ఎదురుగా కూర్చుని గొప్పలు చెబుతుంటే ఆయ్, ఆయ్ అంటూ తలూపేది. ఆయ్‌లు దగ్గరదగ్గరగా పడుతున్నాయంటే సాంబయ్య మెల్లగా కిందికి దిగి జీపు స్టార్ట్ చేసి ఉంచేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ల నాటి మాట ఇది. కంప్యూటర్ నేర్చుకుంటే చాలు, బతుకు గట్టెక్కినట్టేనని అందరూ నమ్మిన కాలం. నేనూ ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో టౌనుకొచ్చి నేర్చుకున్నాను. గట్టు ఎక్కడా కనపడలేదు. చివరికి భద్రాచలంలో కాంట్రాక్టు మీద డేటా ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. టిఫిన్ హోటలు మీద కిరాయి గది, మూలిగే కంప్యూటరు, దాని ఎదురుగా మేడం. బయట బోర్డు మీద 'ఆంటాలజీ' అనే మాటుండేది. దాన్ని చూసి అదేదో పరీక్షల ల్యాబ్ అనుకుని మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపి, షుగర్ చూడమన్నవాళ్లు కూడా ఉన్నారు. ఒకాయన్ని మేడం కూర్చోబెట్టి, "షుగర్ చూడ్డం రాదండీ, కావాలంటే టీలో వేసిస్తాను" అంది.

ఆ పని ఏమిటో నాకు ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. కింద తీరంలో ఒక ఆఫీసు ఉంది. సముద్రం ఆటుపోట్లు, ఇసుక, మడ అడవులు, చేపలు, తుపాన్లు, వరదలు, తీరానికి సంబంధించిన లెక్కలన్నీ ఒకచోటికి చేర్చాలని వాళ్ల కోరిక. కానీ ఒక్కో శాఖ ఒక్కో మాట వాడుతుంది. ఒకరి కంప్యూటరు మాట ఇంకొకరి కంప్యూటరుకి అర్థం కాదు. అందరికీ సరిపోయే మాటల పట్టిక ఒకటి చెయ్యాలి, బోర్డు మీది ఆంటాలజీ అంటే అదే. నది మోసుకొచ్చేదంతా చివరికి సముద్రానికే చేరుతుంది కాబట్టి పైనుంచే మొదలుపెట్టాలని ఆవిడ పట్టుబట్టి ఇక్కడికొచ్చింది. "సముద్రం భద్రాచలం దగ్గరే మొదలవుతుందే. మీవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదంతే" అనేది.

"పెళ్లిలో ఒకాయన్ని ఒకరు బావా అంటారు, ఒకరు మావయ్యా అంటారు, ఇంకొకరు నాన్నా అంటారు" అంది మొదటి రోజు. "మనకి ఆయన ఒక్కడే అని తెలుసు. ఈ డబ్బాకి తెలీదు. ముగ్గురొచ్చేరనుకుని మూడు విస్తళ్లు వేస్తుంది. ఆ ముగ్గురూ ఒక్కడేనని దానికి చెప్పడమే మన ఉద్యోగం."

నేను తలూపాను. అర్థమైందో లేదో తేల్చుకునే లోపే రెండో పాఠం వచ్చింది. ప్రతి మాటకీ ఒక ఇంటిపేరు పెట్టాలి. వాగుకి, ఏరుకి, నదికి అన్నిటికీ కలిపి పారే నీరు అని ఇంటిపేరు. ఇంటిపేరుకి ఏ గుణాలున్నాయో, ఆ ఇంట్లో పుట్టిన మాటలన్నిటికీ అవి వాటంతటవే వస్తాయి. ప్రతి వాగు దగ్గరా కూర్చుని ఇది పారుతుంది, ఇది పారుతుంది అని రాసుకోనక్కర్లేదు. "ఇంటిపేరు ఇస్తే ఆస్తీ ఇచ్చినట్టే" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో గర్వం చూడాలి, ఆ ఏర్పాటంతా తన మేనమామ కనిపెట్టినట్టు.

సంత రోజు మధ్యాహ్నం మా గదిలో పంచాయితీ జరిగేది. ఒక్కో ఆఫీసు నుంచి ఒక్కొక్కరు రావాలి. ఊరికే పిలిస్తే రారు గనక కింద హోటలు నుంచి మిరపకాయ బజ్జీలు పైకొచ్చేవి. అందరి నోళ్లూ నిండాక మేడం గొడుగు ఊతంగా లేచి నిలబడి అడిగేది. "ఊరు మునిగింది అంటే ఏంటండీ?"

నీటిపారుదలాయన ముందు అందుకునేవాడు. "గదేం ప్రశ్న మేడం? ఘాట్ కాడ గుర్తు దాటి నీళ్లొస్తే కింద ఊళ్లన్నీ మునిగినట్టే."

"గట్లెట్ల?" అనేవాడు రెవెన్యూ ఆయన. "ఇంట్లకు నీళ్లొస్తేనే మునక. వాకిట్లకొస్తే కాదు."

"ఊరు మునిగిందో తేలిందో మాకెందుకు? రోడ్డు తెగిందా, లేదా? గంతే" అనేవాడు రోడ్లాయన, ఇంకో బజ్జీ తీసుకుంటూ.

ఒకే ఊరు, ఒకే వరద. ఒకాయన కాగితంలో మునిగింది, ఇంకొకాయన దాంట్లో పొడిగా ఉంది, మూడో ఆయన దగ్గర అసలు ఊరే లేదు, రోడ్డే ఉంది. మేడానికి ఈ గొడవంటే పండగ. ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి, కుర్చీలో వెనక్కి వాలి, వక్కపొడి నోట్లో వేసుకుని వినేది. అంతా విన్నాక ఒకే మాట. "వేలు పెట్టి చూపించండి."

అంటే నిజంగానే చూపించాలి. జీపెక్కించి ఆ ఊరికే తీసుకుపోయేది. పాపం రెవెన్యూ ఆయన కొత్త బూట్లతో బురదలో దిగి, ఒక ఇంటి గోడ దగ్గర వంగి, ఇదిగో ఇక్కడి దాకా వస్తే మునక అని వేలు పెట్టాడు. రోడ్లాయన్ని అక్కడే నిలబెట్టి, మరి ఇక్కడిదాకా నీళ్లొచ్చినప్పుడు మీ రోడ్డు ఎక్కడుంటుందో తమరూ వేలు పెట్టండి అంది. పొద్దు వాలుతోంది, దోమలు లేచాయి. ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. మా పట్టికలో చాలా మాటలు అలాగే కుదిరాయి. జ్ఞానం వల్ల కాదు, బురద వల్ల.

సాంబయ్య వాళ్లది కొత్తగూడెం. ఒకసారి దారిలో, "మా నాయిన బాయిలకు దిగంగ నేను చూసిన, నేను మటుకు దిగనని ఒట్టేసుకున్న" అన్నాడు. వాళ్లు బొగ్గు గనిని బాయి అంటారు. మేడం జీపాపించి, నీళ్ల బాయికీ బొగ్గు బాయికీ ఇంటిపేరు ఒకటేనా కాదా అని నన్ను అడిగింది. ఎండలో, నడిరోడ్డు మీద. వెనక లారీవాడు హారన్ కొడుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "తమరికి తెలిస్తే తమరు చెప్పండి" అంది. అలాంటి మనిషితో పనిచేశాం.

ఇక ఆ గుంపు సంగతి చెప్పాలి. సభలో ఎవరూ చెప్పలేదు గనక నేను చెప్తాను.

అడవి వైపు చిన్న పల్లెల్ని గుంపులంటారు. వాగొడ్డు గుంపు అలాంటిదే. గోదావరిలో కలిసే ఒక వాగు పక్కన, చిన్న మిట్ట మీద కొన్ని కోయ ఇళ్లు. ఎండాకాలంలో వెళ్లాం. వాగులో నీళ్ల బదులు ఇసుకుంది. వరదొస్తే ఎక్కడిదాకా వస్తుందో చూపించమని అడిగితే అక్కడి పటేల్ భార్య ముందు నడిచింది. అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. గోదావరి నిండుగా వస్తే వాగులో నీళ్లు కిందికి పోకుండా వెనక్కి ఎగదన్నుతాయి. మిట్ట చుట్టూ తిరిగి కలుసుకుంటాయి. ఒక చెట్టు బోదె మీద, తర్వాత ఒక బండ మీద, తర్వాత పొలం గట్టు మీద, చుట్టూ తిరిగి పెద్దమ్మ వేలు పెట్టి చూపించుకుంటూ పోయింది. మేడం వెనకాలే తిరిగింది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఒసే పిల్లా, ఇది లంకేనే!" అని అరిచింది. "చుట్టూ నీళ్లు, మధ్యలో ఊరు. అచ్చం మా లంకే. అడవిలో ఉందంతే. రాసుకో."

రాసుకున్నాను. ఆ రోజు ఆవిడ ఆనందాన్ని ఏమని చెప్పను? ఇన్నాళ్లూ పరాయి చోట ఉన్న మనిషికి సొంత ఊరివాళ్లు ఎదురైనట్టు అయింది. పెద్దమ్మ పక్కన మంచం మీద కూర్చుని లంకల్లో వరదలొచ్చినప్పుడు తను చిన్నప్పుడు ఏం చేసేదో చెప్పింది. పెద్దమ్మ కోడలికి అప్పటికి కడుపు కనపడుతోంది.

"కోడలికి నెలలెప్పుడు నిండుతయి పెద్దమ్మా?" అన్నాను నేను.

"వానలు మంచిగ పడ్డప్పుడు" అంది పెద్దమ్మ. "గప్పుడే మాకు తొవ్వ ఉండదు."

"ఈసారి మొదటి పడవ మీకే" అంది మేడం. "నేను చెప్తున్నాను కదా. మొదటి పడవ."

ఆ వానాకాలానికి మా పట్టిక తయారైంది. పడవలు పంపే పని చూసే సారు మా గదికొచ్చి చూసి ముచ్చటపడ్డాడు. నీటిమట్టం కొడితే చాలు, ఏ ఊళ్లకి పడవ కావాలో కంప్యూటరే చెప్తుంది. అన్ని శాఖల లెక్కలూ ఒకే మాటలో మాట్లాడుతున్నాయి. ఈసారి దీని ప్రకారమే పంపుదామన్నాడు. మేడం ఆ రోజు ఎవరినీ తమరు అనలేదు.

గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటిన పొద్దున ఊళ్ల పేర్లు అచ్చు తీసి ఇచ్చాం. సారు వచ్చి పట్టుకుపోయాడు. మేడం మైసూర్‌పాక్ తెప్పించి, మా దగ్గర మిగిలిన ప్రతిని బల్ల మీద పరిచి, వాగొడ్డు గుంపుకి పడవ ఏ గంటకి వెళ్తుందో చూడమంది. నేను చూశాను. ఆవిడా చూసింది. పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి. ఆ గుంపు లేదు.

"అదేంటే? కొట్టి చూడు."

కంప్యూటర్లో గుంపు పేరు కొట్టాను. తెర మీద వచ్చింది. ఇంటిపేరు, లంక. చుట్టూ నీరు, అవును. సొంత పడవలు, ఉన్నాయి. సహాయం పడవ, అక్కర్లేదు.

నేను ఆవిడ మొహం వైపు చూడలేదు. చూడక్కర్లేదు. కింద లంకల్లో ప్రతి ఊరికీ పడవలుంటాయి. పాలు అమ్మాలన్నా, బడికెళ్లాలన్నా, పెళ్లికెళ్లాలన్నా పడవే. లంకలో పుట్టిన మనిషి లంక అనే ఇంటిపేరుకి పడవలు ఆస్తిగా రాయకుండా ఎలా ఉంటుంది? అది ఆవిడకి లెక్క కాదు, ఇల్లు. అడవిలో గుంపు కనపడగానే ప్రేమ కొద్దీ ఆ ఇంటిపేరు పెట్టింది. దానితో పాటు వాళ్లకి లేని పడవలన్నీ కట్టబెట్టింది. పడవలున్న ఊరికి పడవెందుకని కంప్యూటరు బుద్ధిగా ఆ పేరు తీసేసింది.

మేడం లేచి, తెరలో కనపడే తన నీడకి చేతులు జోడించింది. "ఎంత గొప్ప పని చేసేరండీ తమరు. తమరిలాంటి మేధావులు ఉండబట్టే దేశం ఇలా తేలుతోంది" అంది. నాకు నవ్వు రాలేదు. గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగింది.

పడవల సారు కరకట్ట దగ్గర టెంటు కింద ఉన్నాడు. చుట్టూ జనం, ఫోన్లు, వాన. మేడం తడిసిన చీరతో నేరుగా ఆయన బల్ల దగ్గరికెళ్లింది.

"నేనిచ్చింది తప్పండి. వాగొడ్డు గుంపుకి పడవ కావాలి."

"గదేంది మేడం? కంప్యూటర్‌ల పడవలున్నయని ఉన్నది కద."

"అది నేను రాసిన తప్పు. వాళ్లకి పడవల్లేవు. నిండు చూలాలుంది. తిట్టేదేదో సాయంత్రం తిట్టండి, వింటాను. ముందు పడవివ్వండి."

ఆయనకి కోపం రాకుండా ఎలా ఉంటుంది? పొద్దున్నే అందరి ముందూ ఇక కంప్యూటరే చెప్తుందని గొప్పగా చెప్పుకున్నాడు. "ఇప్పుడు తప్పంటే మిగతాయి మటుకు రైటని గ్యారంటీ ఏంది? ఉన్న పడవలన్నీ పోయినయ్. ఏ ఊరి నుంచి గుంజి మీ గుంపుకియ్యాలె? మీరే చెప్పుర్రి" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే.

జవాబు గట్టు కింద కట్టేసి ఉంది. రంగులేసిన మరబోటు. దానిలో కుర్చీలేసి, కుర్చీల మీద దుప్పట్లు పరిచారు. వరద చూడటానికి వస్తానన్న ఒక నాయకుడి కోసం పొద్దుటినుంచీ ఆపి పెట్టారు.

"ఆయన ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది మేడం.

"బయల్దేరిన్రంట."

"ఆయ్" అంది మేడం. మెట్లు దిగి బోటులోకెక్కి, దుప్పటి పరిచిన కుర్చీలో కూర్చుంది. నేనూ ఎక్కాను. సాంబయ్య జీపొదిలేసి దూకాడు. సారు గట్టు మీద నుంచి అరుస్తున్నాడు. "వరద చూట్టానికే కదండీ వస్తున్నారు? వరద ఎక్కడికీ పోదు, ఆయన నిదానంగా రావచ్చని చెప్పండి" అంది మేడం. బోటు నడిపేవాడు సారు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. సారు ఒక్క క్షణం నెత్తి పట్టుకుని, "జల్దీ పోయి జల్దీ రా" అని చెయ్యి ఊపి వెనక్కి తిరిగిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ, ఆయనకి నా దండం.

గోదావరి దాటి వాగులోకి తిరగ్గానే మేడం కుర్చీ వదిలి ముందుకెళ్లి నిలబడింది. పడవ తోసే గెడ చేతిలోకి తీసుకుంది. అప్పటిదాకా మాటలు, బజ్జీలు, కంప్యూటరు అనుకున్న మనిషి నీళ్లని చదవడం మొదలుపెట్టింది. ఇక్కడ కింద చెట్లున్నాయి, ఎడమకి పట్టు. ఇక్కడ నీళ్లు గుంజుతున్నాయి, మెల్లగా పో. నడిపేవాడు ఆవిడ చెప్పినట్టే తిప్పాడు. నేను బోటంచు పట్టుకుని నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను.

మిట్ట మీద జనం ప్లాస్టిక్ పట్టాల కింద ఉన్నారు. కోడలు మంచం మీద పడుకుని పళ్లు బిగబట్టి ఉంది. పెద్దమ్మ నీళ్లలోకి మోకాలిదాకా దిగి వచ్చింది.

"ఇప్పుడొస్తివా? మొదటి పడవ మాకే అంటివి."

మేడం వంక పెట్టలేదు. వానని గానీ, నన్ను గానీ, కంప్యూటరుని గానీ అనలేదు. "నావల్లే ఆలస్యమైందమ్మా" అంది. "మీకు సొంత పడవలున్నాయని నేనే రాసేను. ఉన్నోళ్లకెందుకని పంపలేదు."

పెద్దమ్మ చుట్టూ ఉన్న నీళ్లకేసి చూసింది. "మాకు పడవలున్నయని రాసినవా?"

"రాసేను."

"సర్కారు దాంట్ల రాసినవా?"

"ఆఁ."

"రాసినంక మరి ఇయ్యి" అంది పెద్దమ్మ.

సాంబయ్య కిసుక్కుమన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. మేడమూ నవ్వలేదు. ఇద్దరూ కలిసి మంచం చెరో వైపు పట్టుకున్నారు. కోడల్ని ఒడ్డు చేర్చి జీపులో దవాఖానాకి తీసుకెళ్లాం. ఆ మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారని నర్సు చెప్పేదాకా మేడం వరండాలో నిలబడే ఉంది. తర్వాత వెళ్లి పడవల సారు ముందు నిలబడి చెప్పినట్టే తిట్లు తింది. ఒక్క ఆయ్ కూడా అనలేదు.

మరుసటి రోజే కూర్చుని పట్టిక మార్చాం. పడవ ఇంటిపేరుతో రాకూడదు. ఉందా, లేదా, తెలీదా అన్నది ప్రతి ఊరినీ అడిగే రాయాలి. అడగకపోతే తెలీదనే ఉండాలి, ఉందని అనుకోకూడదు. తీరంలో ఆఫీసు వాళ్లకి కూడా అదే చెప్పి వాళ్ల పట్టికా మార్పించింది. కానీ వాగొడ్డు గుంపు దగ్గర పడవలున్నాయన్న మాటని మాత్రం కొట్టెయ్యనివ్వలేదు. నేను మౌస్ మీద చెయ్యి పెడితే నా చెయ్యి మీద కొట్టింది.

"మేడం, లెవ్వు కద?"

"రాసేం కదే" అంది. "ఆవిడ అడిగింది కదా."

వానలు తగ్గాక ఒక రోజు ఆఫీసు ముందు లారీ ఆగింది. దాని మీద నాటు పడవ. సత్తుపల్లి మీదుగా అడవిలోకి అదలా ఊరేగుతూ వస్తుంటే జనం దణ్ణాలు పెట్టారని లారీ డ్రైవరు చెప్పాడు, ఏ దేవుడి పడవో అనుకుని. పడవ మేడం తమ్ముడిది. అడిగి తెచ్చిందా, అడక్కుండా తెచ్చిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. మర్నాడు బస్సులో ఆ తమ్ముడు దిగాడు. "మా అక్కెక్కడండీ?" అని ఎంత మర్యాదగా అడిగాడంటే, నాకు విషయం అర్థమైంది. ఇద్దరూ గది తలుపేసుకుని ఒకరినొకరు గారూ అండీ అంటూ పొట్లాడుకున్నారు. కింద హోటలాయన దోసెలు ఆపి విన్నాడు. చివరికి పడవ వాగొడ్డు గుంపుకి చేరింది, తమ్ముడూ కొన్నాళ్లు ఉండిపోయాడు. గుంపులో కుర్రాళ్లని గోదావరికి తీసుకెళ్లి తెడ్డు, గెడ పట్టడం నేర్పాడు. చక్కగా నేర్చుకున్నారని వెళ్లేటప్పుడు వాళ్లని మెచ్చుకుని, అక్కకి చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఎండాకాలమంతా ఆ పడవ ఎండిన వాగు ఒడ్డున బోర్లా పడుకుంది. దాని నీడన మేకలు పడుకున్నాయి. అటుపోయిన ప్రతి ఆఫీసరూ వచ్చి, మేడం మీ మేకల పడవ చూశామని చెప్పి నవ్వేవాడు. ఆవిడ పట్టించుకోనట్టే ఉండేది. కానీ ఆ తర్వాత టీ తాగేది కాదు. నాకు తెలుసు, నీళ్లొచ్చినప్పుడు ఆ పడవ పనికొస్తుందో లేదోనని ఆవిడకి భయం. మళ్లీ తన ఊరి ప్రేమతో పొరపాటు చేశానేమోనని.

మళ్లీ వానలొచ్చాయి. మా ప్రాజెక్టు అప్పటికి అయిపోయింది. పెట్టెలు కడుతున్నాం. గోదావరి ఘాట్ మెట్లెక్కుతోందని సాంబయ్య వార్త తెచ్చాడు. మేడం చెప్పులేసుకుంది. జీపు తీయమంది. వాగు దారి తెగిపోయిందని సాంబయ్య అంటే, తెగినంత దూరం పోదాం, అక్కడినుంచి చూద్దాం అంది. అప్పుడు ఫోన్ మోగింది. నేనెత్తాను.

పెద్దమ్మ. రోడ్డు మీద ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి. ఫోన్లో మాట్లాడటం అలవాటు లేక, గోదావరి అవతల ఒడ్డుకి వినపడేలా అరుస్తోంది. విని, ఫోన్ పెట్టేసి, మేడం వైపు తిరిగాను.

"ఏవందే?"

"చుట్టూ నీళ్లొచ్చినయంట మేడం. పడవ తీసిన్రంట. ముసలోళ్లను, పిల్లలను అందర్ని ఒడ్డుకు తెచ్చిన్రంట. చంటిదాన్ని ఎత్తుకుని ఆమె కూడ ఒడ్డునే ఉన్నది."

మేడం గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది.

"నిన్ను రావొద్దన్నది. వానల ఊకెనే తడుస్తవట. ఈసారి నీతోని పని లేదట."

ఆవిడ కట్టేసిన పెట్టె మీద కూర్చుంది. చెప్పులు విప్పింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందేమో అనుకున్నాను. నవ్వు కాదు. అంత సంతోషంగా ఏడ్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"పని లేదందా?" అంది కొంగు తియ్యకుండానే.

"అవ్ మేడం. గట్లనే అన్నది."

"మళ్లీ చెప్పవే."

మళ్లీ చెప్పాను.